సిపియు కూలర్ క్యాబినెట్‌లో పడుతుందా? కొనడానికి ముందే కొలిచి తెలుసుకొనే పద్ధతి

కంప్యూటరు వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతున్నదని పెద్ద కూలర్ తెప్పించుకోవడం, దానిని బిగించిన తరువాత క్యాబినెట్ పక్క మూత పడకపోవడం, చివరకు మూతను గోడకు ఆనించి కంప్యూటరును అట్లే వాడుకోవడం - ఇది కంప్యూటరు వాడేవారిలో పలువురికి ఎదురయ్యే సమస్య. లోపం కూలర్‌లోనూ ఉండదు, క్యాబినెట్‌లోనూ ఉండదు. రెండింటి కొలతలను ముందుగా సరిచూసుకోకపోవడమే కారణం. తేడా తరచుగా అర అంగుళం కూడా ఉండదు.

మన ప్రాంతంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. చిక్కబళ్ళాపురం నుండి బెంగళూరు సుమారు 60 కిలోమీటర్లు, చింతామణి నుండి సుమారు 75, బాగేపల్లి నుండి సుమారు 100 కిలోమీటర్లు. కంప్యూటరు విడిభాగాలు కావాలంటే బెంగళూరులోని ఎస్.పి. రోడ్డుకు, అనగా సాదర పత్రప్ప రోడ్డుకు వెళ్ళాలి. లేదా అంతర్జాలంలో ఆర్డరు చేసి కొరియరు కొరకు ఎదురుచూడాలి. భాగం సరిపోకపోతే ఒక రోజు పని, బస్సు ఛార్జీలు, కొన్నిసార్లు కూలర్ ధర కూడా నష్టమే. పెళ్ళిళ్ళ కాలంలో వీడియో ఎడిటింగు చేసే స్టూడియోకు, హాల్‌టికెట్ల సమయంలో జిరాక్సు అంగడికి, పరీక్షలకు చదువుకొనే ఇంజనీరింగు విద్యార్థికి ఒక వారం కంప్యూటరు లేకపోవడం చిన్న విషయం కాదు.

ఒక స్కేలు, ఒక కాగితం, అరగంట సమయం ఉంటే ఈ నష్టాన్ని తప్పించుకోవచ్చు. ఆ విధానాన్ని ఈ వ్యాసంలో వరుసగా వివరిస్తున్నాము.

కూలర్ అంటే ఏమిటి?

ప్రాసెసర్ పనిచేసేటప్పుడు పుట్టే వేడిని దాని పైభాగం నుండి తీసుకొని గాలిలోకి వదిలే పరికరమే కూలర్. అందులో రెండు ముఖ్యభాగాలు ఉంటాయి. ఒకటి అల్యూమినియం రేకులతో కూడిన హీట్‌సింక్, రెండవది గాలి విసిరే ఫ్యాను. పెద్ద కూలర్లలో రాగి గొట్టాలు కూడా ఉంటాయి. వీటిని హీట్‌పైపులు అంటారు. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్యనున్న సన్నని ఖాళీలను నింపడానికి థర్మల్ పేస్టు పూస్తారు.

ఆకారాన్ని బట్టి కూలర్లు మూడు రకాలు. పొట్టిగా ఉండి మదర్‌బోర్డు వైపుకు గాలి ఊదేవి మొదటి రకం. ప్రాసెసర్ పెట్టెతో పాటు ఉచితంగా వచ్చేవి ఎక్కువగా ఇవే. నిలువుగా గోపురంలా లేచి, గాలిని క్యాబినెట్ వెనుక వైపుకు పంపేవి రెండవ రకం. వీటిని టవర్ కూలర్లు అంటారు. ద్రవాన్ని గొట్టాల ద్వారా ప్రవహింపజేసి, రేడియేటరు వద్ద చల్లబరిచేవి మూడవ రకం. మూత పడని సమస్య ఎక్కువగా టవర్ కూలర్లతోనే వస్తుంది.

అసలు కొత్త కూలర్ అవసరమా?

డబ్బు ఖర్చు పెట్టడానికి ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ప్రాసెసర్ ఉష్ణోగ్రతను చూపిస్తాయి. ఇంటెల్ కోర్ ఐ5-12400 ప్రాసెసర్‌కు గరిష్ఠ పరిమితి 100 డిగ్రీల సెల్సియస్, ఎఎండి రైజెన్ 5 5600జి ప్రాసెసర్‌కు 95 డిగ్రీలు. ఉష్ణోగ్రత ఈ పరిమితిని చేరగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకొంటుంది. పని మందగించడానికి ఇదొక కారణం.

ఉన్న కూలర్ రేకుల మధ్య దుమ్ము పేరుకొని ఉంటే ముందుగా దానిని శుభ్రం చేయించాలి. ఏళ్ళు గడచిన థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే కొత్తది పూయించాలి. ప్లాస్టిక్ పిన్నులతో బిగించే కూలర్లలో నాలుగింటిలో ఒక పిన్ను ఊడినా వేడి పెరుగుతుంది. ఈ మూడూ సరిచేసిన తరువాత ఉత్తరాలు టైపు చేయడానికి, బిల్లులు వేయడానికి, పాఠాలు చూడడానికి వాడే కంప్యూటర్లకు చాలావరకు పాత కూలరే చాలుతుంది.

గంటల తరబడి వీడియో ఎడిటింగు చేసేవారి సంగతి వేరు. ఐ5-12400 ప్రాసెసర్‌కు మూల విద్యుత్ వినియోగం 65 వాట్లయినా, పూర్తి వేగంతో పనిచేసేటప్పుడు అది 117 వాట్ల వరకు పోగలదు. ఆ వేడంతా కూలర్ ద్వారానే బయటకు పోవాలి. పైగా ఏ గాలి కూలరైనా ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటె తక్కువకు తేలేదు. వేసవిలో రేకుల కప్పు కింద నడిచే అంగళ్ళలో టవర్ కూలర్ కొనడం సమంజసమే. అయితే అది పట్టాలి.

మొదటి కొలత: ఎత్తు

క్యాబినెట్ తయారీదారులు తమ వివరాలలో "మ్యాక్స్ సిపియు కూలర్ హైట్" లేదా "సిపియు కూలర్ క్లియరెన్స్" అని ఒక సంఖ్య ఇస్తారు. ఆ క్యాబినెట్‌లో పట్టే కూలర్ గరిష్ఠ ఎత్తు అదే. కూలర్ వివరాలలో "హైట్" అని మరొక సంఖ్య ఉంటుంది. ఈ రెండవ సంఖ్య మొదటిదాని కంటె తక్కువగా ఉండాలి.

ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టంగా తెలుసుకోవాలి. కూలర్ ఎత్తును ప్రాసెసర్ పైతలం నుండి లెక్కిస్తారు. మదర్‌బోర్డు పలక నుండి కాదు. సాకెట్టు, ప్రాసెసర్ కలిసి బోర్డు మీద సుమారు 7, 8 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి. బోర్డు నుండి మూత వరకు కొలిచి, అంత ఎత్తు కూలర్ తెచ్చుకొంటే ఆ 8 మిల్లీమీటర్ల వద్దే మూత ఆగిపోతుంది.

క్యాబినెట్ బయటి వెడల్పును చూసి లోపలి స్థలాన్ని అంచనా వేయడం కూడా పొరపాటు. కోర్సెయిర్ 4000డి క్యాబినెట్ వెడల్పు 230 మి.మీ., అందులో పట్టే కూలర్ ఎత్తు 170 మి.మీ. ఎన్‌జెడ్‌ఎక్స్‌టి హెచ్510 వెడల్పు 210 మి.మీ., పట్టే కూలర్ ఎత్తు 165 మి.మీ. బయట 20 మి.మీ. తేడా ఉన్నా లోపల తేడా 5 మి.మీ. మాత్రమే. మదర్‌బోర్డు వెనుక వైర్లు సర్దడానికి విడిచే ఖాళీ ఒక్కొక్క క్యాబినెట్‌లో ఒక్కొక్క విధంగా ఉండడమే ఇందుకు కారణం.

ఇంటి వద్ద కొలిచే విధానం

మన ప్రాంతంలో వాడుకలో ఉన్న అసెంబుల్డ్ కంప్యూటర్ల క్యాబినెట్లలో చాలావాటికి పేరుగానీ మోడల్ సంఖ్యగానీ దొరకదు. అటువంటప్పుడు మనమే కొలుచుకోవాలి. విధానం ఇది:

1. కంప్యూటరును ఆపి, విద్యుత్ తీగను గోడ ప్లగ్గు నుండి ఊడదీయండి. తరువాత పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి వదలండి. లోపల చెయ్యి పెట్టే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి.

2. పక్క మూత తీసి, తెరిచిన వైపు పైకి వచ్చేటట్లు క్యాబినెట్‌ను బల్లపై పడుకోబెట్టండి.

3. మూత ఆనుకొనే రెండు అంచుల మీద, ప్రాసెసర్‌కు పైగా, ఒక నిటారైన కర్రను గానీ పొడవైన స్కేలును గానీ అడ్డంగా పెట్టండి.

4. ప్రాసెసర్ పక్కన ఖాళీ చోట మదర్‌బోర్డు మీద ప్లాస్టిక్ స్కేలును నిలువుగా ఆనించి, అడ్డకర్ర అడుగుభాగం వరకు కొలవండి. ఇనుప స్కేలు వాడకండి, అది బోర్డుపై గీతలు పెడుతుంది.

5. వచ్చిన కొలత నుండి ప్రాసెసర్, సాకెట్టుల ఎత్తు క్రింద 10 మి.మీ. తీసివేయండి. అసలు ఎత్తు 7, 8 మి.మీ. అయినా, 10 అనుకొంటే లెక్క భద్రంగా ఉంటుంది.

6. మిగిలినదాని నుండి ఇంకొక 3 మి.మీ. ఖాళీగా విడవండి. కూలర్ మూతకు తగిలితే ఫ్యాను అదురు మూతకు పాకి మోత వస్తుంది.

స్కేలు విషయంలో ఒక చిన్న హెచ్చరిక. పిల్లలు బడికి తెచ్చే స్కేళ్ళలో సున్న గీతకు ముందు కొంత ఖాళీ అంచు ఉంటుంది. స్కేలును నిలువుగా ఆనించి కొలిచేటప్పుడు ఆ అంచును కూడా కొలతకు కలపాలి. మరొకటి, అంగుళాలలో లెక్క వేయకండి. ఒక అంగుళం 25.4 మి.మీ. కాబట్టి ఆరు అంగుళాలంటే 152.4 మి.మీ. "క్యాబినెట్ ఆరంగుళాలు, కూలరూ ఆరంగుళాలే" అని నోటిమాటగా చెప్పుకొని 155 మి.మీ. కూలర్ కొంటే మూత పడదు. అంగడివానితో మాట్లాడేటప్పుడు మిల్లీమీటర్లలోనే అడగండి. తెలుగులో ఎత్తు, వెడల్పు, పొడవు అన్నా, కన్నడంలో ఎత్తర, అగల, ఉద్ద అన్నా అంగడివానికి అర్థమయ్యేది సంఖ్యయే.

మూత లోపలి వైపును కూడా చూడండి. కొన్ని పాత క్యాబినెట్ల మూతకు ప్రాసెసర్ ఎదురుగా ప్లాస్టిక్ గాలిగొట్టం బిగించి ఉంటుంది. టవర్ కూలర్ పెట్టాలంటే దానిని ఊడదీయవలసిందే. మూతకు ఫ్యాను ఉంటే దాని మందం సాధారణంగా 25 మి.మీ. కూలర్ దానికి ఎదురుగా వచ్చేటట్లయితే ఆ 25ను కూడా తీసివేయాలి.

కొన్ని కూలర్ల ఎత్తులు

పోల్చి చూసుకోవడానికి వీలుగా, విరివిగా వాడుకలో ఉన్న కొన్ని కూలర్ల ఎత్తులను క్రింద ఇస్తున్నాము. అన్నీ మిల్లీమీటర్లలో:

నాక్చువా ఎన్‌హెచ్-ఎల్9ఐ - 37
ఎఎండి రెయిత్ స్టెల్త్ (ప్రాసెసర్‌తో వచ్చేది) - 54
డీప్‌కూల్ ఎకె400 - 155
నాక్చువా ఎన్‌హెచ్-యు12ఎస్ - 158
కూలర్ మాస్టర్ హైపర్ 212 ఎవో - 159
డీప్‌కూల్ ఎకె620 - 160
నాక్చువా ఎన్‌హెచ్-డి15 - 165

120 మి.మీ. ఫ్యానుతో వచ్చే టవర్ కూలర్లలో చాలావరకు 150, 160 మధ్యనే ఉంటాయని దీనినిబట్టి తెలుస్తుంది. మీ లెక్కలో 150 కంటె తక్కువ వస్తే 92 మి.మీ. ఫ్యాను ఉన్న చిన్న టవర్ కూలర్లను గానీ పొట్టి కూలర్లను గానీ వెదకాలి. ఒకే పేరుతో వేర్వేరు రూపాలు అమ్ముతుంటారు కనుక, కొనేటప్పుడు పెట్టెపై ఉన్న పూర్తి పేరుకు తగిన కొలతనే చూడాలి.

రెండవది: సాకెట్టు

ఎత్తు సరిపోయినంత మాత్రాన కూలర్ బిగియదు. మదర్‌బోర్డుపై ప్రాసెసర్ చుట్టూ ఉండే నాలుగు రంధ్రాలకు కూలర్ కాళ్ళు సరిగ్గా కుదరాలి. ఇంటెల్ బోర్డులలో ఈ రంధ్రాలు చదరంగా ఉంటాయి. పక్కపక్కనున్న రెండు రంధ్రాల మధ్య దూరం ఇలా ఉంటుంది:

ఎల్‌జిఎ 775 - 72 మి.మీ.
ఎల్‌జిఎ 1156, 1155, 1150, 1151, 1200 - 75 మి.మీ.
ఎల్‌జిఎ 1700, 1851 - 78 మి.మీ.

2009లో వచ్చిన 1156 మొదలుకొని 2020లో వచ్చిన 1200 వరకు ఐదు సాకెట్టులకు దూరం ఒకటే. తక్కువ ధరకు దొరికే హెచ్61 బోర్డులు (సాకెట్టు 1155), హెచ్81 బోర్డులు (సాకెట్టు 1150) వాడేవారికి ఇది మేలైన విషయం. ఒకదాని నుండి తీసిన కూలర్ మరొకదానికి సరిపోతుంది. 2021లో వచ్చిన 1700 సాకెట్టుతో దూరం మారింది. 3 మి.మీ. తేడాయే కదా అని పిన్నులను వంచి బలవంతంగా నొక్కరాదు. ఒకవైపు ఎత్తుగా నిలిచి, ప్రాసెసర్‌కు కూలర్ పూర్తిగా ఆనదు. 1700 సాకెట్టుకు కావలసిన బిగింపు కిట్టు పెట్టెలో ఉన్నదా అని అడిగి తీసుకోవాలి.

ఎఎండిలో ఎఎం4, ఎఎం5 సాకెట్టుల రంధ్రాల దూరాలు ఒకటే. అయితే ఎఎం5 బోర్డు వెనుకనున్న ఇనుప పలకను తీయడానికి వీలుండదు. బోర్డుతో వచ్చిన పలకకే బిగిసే ఎఎం4 కూలర్లు ఎఎం5కు పనికివస్తాయి. తమ సొంత పలకను తెచ్చుకొనేవి పనికిరావు.

కూలర్ పేరు చివరి అక్షరాలను కూడా జాగ్రత్తగా చదవాలి. పైన చెప్పిన 37 మి.మీ. నాక్చువా కూలర్‌నే తీసుకొంటే, పాత ఇంటెల్ సాకెట్టులకు ఒక రూపం, 1700కు వేరొక రూపం, ఎఎండికి ఇంకొక రూపం ఉన్నాయి. ఎత్తు ఒకటే, కాళ్ళు వేరు.

వెనుక పలక ఉన్న కూలర్‌ను బిగించాలంటే మదర్‌బోర్డు వెనుక వైపు చేయి చేరాలి. కొత్త క్యాబినెట్లలో ఇందుకోసం బోర్డు వెనుక ఇనుప గోడకు కిటికీలా కోత ఉంటుంది. పాతవాటిలో ఆ కోత లేకపోతే మదర్‌బోర్డునే బయటకు తీయవలసి వస్తుంది. కూలి మాట్లాడుకొనేటప్పుడు ఈ సంగతిని మెకానిక్‌కు ముందే చెప్పండి.

మూడవది: ర్యామ్, చుట్టుపక్కల భాగాలు

టవర్ కూలర్ ఫ్యాను చాలా బోర్డులలో ర్యామ్ కర్రల పైకి వస్తుంది. సాధారణ ర్యామ్ కర్ర ఎత్తు సుమారు 31 మి.మీ. రంగుల దీపాలు, అలంకార రేకులు ఉన్నవి 40, 50 మి.మీ. వరకు ఉంటాయి. కూలర్ వివరాలలో "ర్యామ్ క్లియరెన్స్" అని ఉండే సంఖ్య మీ ర్యామ్ ఎత్తు కంటె ఎక్కువగా ఉండాలి.

ఇందుకు మంచి ఉదాహరణ నాక్చువా ఎన్‌హెచ్-డి15. రెండు ఫ్యాన్లతో బిగిస్తే దాని క్రింద 32 మి.మీ. ర్యామ్ మాత్రమే పడుతుంది. ఒకే ఫ్యానుతో అయితే 64 మి.మీ. వరకు వీలుంది. ర్యామ్ ఎత్తుగా ఉన్నదని ముందు ఫ్యానును పైకి జరిపితే ఆ మేరకు కూలర్ మొత్తం ఎత్తు 165ను దాటిపోతుంది. పైన చెప్పిన హెచ్510 క్యాబినెట్ పరిమితి సరిగ్గా 165. ఫ్యానును ఏమాత్రం జరిపినా మూత పడదు. అనగా ర్యామ్‌ను చూడకుండా ఎత్తును మాత్రమే చూడడం చాలదు. రెండింటినీ కలిపి చూడాలి.

మరి మూడు చోట్లు చూడవలసి ఉన్నది. కూలర్ అడుగుభాగం మదర్‌బోర్డుపై పోర్టుల పక్కనుండే హీట్‌సింకులకు తగులుతుందా? గ్రాఫిక్స్ కార్డు మొదటి స్లాటులో ఉంటే కూలర్ వెడల్పు దానిని తాకుతుందా? క్యాబినెట్ వెనుక ఫ్యానుకూ కూలర్‌కూ మధ్య ఖాళీ ఉన్నదా? ఈ మూడింటికీ జవాబు అట్టతో తెలుసుకోవచ్చు. కూలర్ పొడవు, వెడల్పు, ఎత్తులను వివరాలలో చూసి, అదే కొలతలతో అట్టపెట్టె ఒకటి చేయండి. ఎకె400 కూలర్‌కైతే 127, 97, 155 మి.మీ. పాత కూలర్‌ను తీసిన తరువాత ఆ పెట్టెను ప్రాసెసర్ స్థానంలో తేలికగా నిలిపి చూస్తే ఏది ఎక్కడ తగులుతుందో కంటికే కనబడుతుంది. ఏడవ తరగతి పిల్లవాడు సైతం చేయగల పని ఇది. అయితే పాత కూలర్‌ను ఒకసారి తీస్తే థర్మల్ పేస్టు కొత్తగా పూయవలసిందే. పేస్టు చేతిలో లేనిదే తీయకండి.

చిన్న క్యాబినెట్లు, వాడిన ఆఫీసు కంప్యూటర్లు

ఆఫీసులు వాడి అమ్మివేసిన సన్నని డెస్క్‌టాప్‌లు తక్కువ ధరకు దొరుకుతాయి. చదువుకొనే పిల్లలకు అవి చాలును. వాటికి బయటి కూలర్ తెచ్చి పెట్టాలనుకొనేవారు మాత్రం ఆలోచించాలి. వాటిలో పెట్టె ఎత్తు తక్కువ. పైగా కొన్నింటిలో కూలర్ మరలు క్యాబినెట్ అడుగుకే బిగిసి ఉంటాయి, ఫ్యాను ప్లగ్గు కూడా సాధారణ నాలుగు పిన్నులది కాకపోవచ్చు. అటువంటివాటికి అదే కంపెనీ, అదే మోడల్ కూలర్‌ను వెదకడం, లేదా ఉన్నదానినే శుభ్రపరచి పేస్టు మార్చడం మంచిది.

చిన్న పెట్టెలలో ఎస్‌ఎంపిఎస్ ప్రాసెసర్‌కు ఎదురుగా అమర్చి ఉండవచ్చు. అప్పుడు ఎత్తును మూత వరకు కాక, ఎస్‌ఎంపిఎస్ అడుగు వరకే కొలవాలి.

ద్రవ కూలర్ అయితే?

టవర్ పట్టనిచోట ద్రవ కూలర్ పడుతుందని కొందరు సలహా ఇస్తారు. ఎత్తు సమస్య తీరుతుంది గానీ రేడియేటరుకు చోటు కావాలి. రేడియేటరు మందం సాధారణంగా 27 మి.మీ., ఫ్యాను మందం 25, కలిపి 52 మి.మీ. 240 రకం అంటే రెండు 120 మి.మీ. ఫ్యాన్లు పట్టేదని అర్థం. కానీ రేడియేటరు పొడవు 240తో ఆగదు, గొట్టాలు కలిసే చివరలతో కలిపి సుమారు 275 మి.మీ. ఉంటుంది. క్యాబినెట్ పైకప్పుకు బిగిస్తే మదర్‌బోర్డు పై అంచుకూ కప్పుకూ మధ్య ఆ 52 మి.మీ. ఉన్నదా, ముందు వైపు బిగిస్తే గ్రాఫిక్స్ కార్డు చివరకు తగులుతుందా అని కొలవాలి. పంపు పాడైతే మొత్తం మార్చవలసిందే. గాలి కూలర్‌లో పాడయ్యేది ఫ్యాను ఒక్కటే, అది ఎక్కడైనా దొరుకుతుంది. అంగడికి దూరంగా ఉన్నవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ఒక లెక్క

బాగేపల్లిలో ఒక ఫోటో స్టూడియో ఉన్నదనుకొందాం. క్యాబినెట్‌పై పేరు లేదు. బోర్డు నుండి అడ్డకర్ర వరకు కొలిస్తే 172 మి.మీ. వచ్చింది. అందులో 10 తీసివేస్తే 162, ఖాళీ క్రింద 3 తీసివేస్తే 159. బోర్డు ఎఎం4, ర్యామ్ ఎత్తు 44 మి.మీ.

165 మి.మీ. కూలర్ పనికిరాదు. 160 మి.మీ. కూలర్ మన హద్దును దాటింది. 159ది సరిగ్గా హద్దు మీద ఉన్నది, కర్ర కొంచెం వంగి ఉన్నా లెక్క తప్పుతుంది. 155 మి.మీ. కూలర్ నిశ్చింతగా పడుతుంది. ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు. ఎఎం4 కిట్టు పెట్టెలో ఉన్నదా? 44 మి.మీ. ర్యామ్ దాని క్రిందనో పక్కనో ఇముడుతుందా? ఈ రెండింటికీ అవునని జవాబు వచ్చిన తరువాతనే డబ్బు కట్టాలి.

మూత తీసి వాడితే ఏమి?

"మూత లేకుంటే గాలి బాగా తగులుతుంది కదా" అని పలువురు అంటారు. కొన్నాళ్ళ వరకు ఉష్ణోగ్రత తగ్గే మాట నిజమే. కానీ మన మెట్టప్రాంతపు ఎండాకాలంలో రోడ్డు పక్క అంగళ్ళలో దుమ్ము ఎంత పడుతుందో అందరికీ తెలుసు. ఆ దుమ్ము రేకుల మధ్య పేరుకొని, తగ్గిన వేడి మళ్ళీ పెరుగుతుంది. బల్లులు, చీమలు, బొద్దింకలు లోపల చేరుతాయి. ఇంటిలో చిన్నపిల్లలు ఉంటే తిరిగే ఫ్యానులో వేలు పెట్టే ప్రమాదం ఉన్నది. గాజు మూతను బలవంతంగా నొక్కి బిగిస్తే ఒక్కసారిగా పగిలి పొడిపొడి అవుతుంది. కాబట్టి మూత పడని కూలర్ ఎంత మంచిదైనా ఆ క్యాబినెట్‌కు అది కూలర్ కాదు.

అంగడికి పంపవలసిన చీటీ

బెంగళూరుకు ఎవరైనా వెళుతుంటే వారి చేతికి ఈ వివరాలు రాసి ఇవ్వండి, లేదా అంగడికి ఫోనులో పంపండి:

ప్రాసెసర్ పూర్తి పేరు, సంఖ్య
మదర్‌బోర్డు పేరు, సాకెట్టు
కూలర్‌కు వీలైన గరిష్ఠ ఎత్తు, మి.మీ.లలో
ర్యామ్ కర్రల ఎత్తు, ఎన్ని కర్రలు
మూతకు ఫ్యాను లేదా గాలిగొట్టం ఉన్నదా
బోర్డు వెనుక కోత ఉన్నదా
సరిపోకపోతే ఎన్ని రోజులలో వాపసు తీసుకొంటారు

చివరి ప్రశ్నను మరువకండి. లోపం ఉన్న వస్తువు వేరు, మన క్యాబినెట్‌కు సరిపోని వస్తువు వేరు. రెండవదానిని వాపసు తీసుకోవడం అంగడివాని నియమాలపై ఆధారపడి ఉంటుంది. అంతర్జాలంలో అమ్మేవారు వాపసు, మార్పిడి, వారంటీ నియమాలను కొనుగోలుదారుకు తెలియజేయాలని 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు చెబుతున్నాయి. ఆర్డరు చేసే ముందే వాటిని చదివి, ఆ పేజీని ఫోనులో ఫోటోగా దాచుకోండి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. కూలర్ వచ్చిన తరువాత ముందుగా స్కేలుతో దాని ఎత్తును కొలిచి, సరిపోతుందని తేలిన తరువాతనే పేస్టు పూయండి. పేస్టు అంటిన కూలర్‌ను వాపసు తీసుకోవడానికి అంగడివారు ఇష్టపడరు.

బిగించేటప్పుడు, తెచ్చేటప్పుడు

ఎఎం4 ప్రాసెసర్ నుండి పాత కూలర్‌ను నేరుగా పైకి లాగకండి. ఎండిన పేస్టు అతుక్కొని, ప్రాసెసర్ కూడా సాకెట్టు నుండి ఊడివచ్చి పిన్నులు వంగవచ్చు. కంప్యూటరును కొంతసేపు నడిపి, ఆపి, ప్లగ్గు తీసి, కూలర్‌ను అటు ఇటు మెల్లగా తిప్పుతూ తీయాలి. కొత్తదాని అడుగున ఉండే ప్లాస్టిక్ పొరను తీసివేయడం మరువరాదు. మరలను ఒకదానికొకటి ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

పెద్ద కూలర్ల బరువు కూడా తక్కువేమీ కాదు. ఎన్‌హెచ్-డి15 రెండు ఫ్యాన్లతో 1,320 గ్రాములు. అసెంబుల్ చేయించిన కంప్యూటరును బెంగళూరు నుండి బస్సులో తెచ్చేటప్పుడు, మదర్‌బోర్డు నేలకు సమాంతరంగా ఉండి కూలర్ నిటారుగా నిలిచేటట్లు పెట్టెను పడుకోబెట్టి తేవాలి. పెట్టెను నిలబెట్టి తెస్తే దారిలోని ప్రతి కుదుపుకూ ఆ బరువంతా బోర్డుపై పక్కకు లాగుతుంది.

ఎత్తు, సాకెట్టు, ర్యామ్ - ఈ మూడింటిని డబ్బు కట్టడానికి ముందే కాగితంపై రాసుకొన్నవారికి మూత పడని ఇబ్బంది ఎదురుకాదు. మీరు రాసుకొన్న చీటీని క్యాబినెట్ లోపలి గోడకు అంటించి ఉంచండి. రెండు, మూడేళ్ళ తరువాత మళ్ళీ కూలర్ మార్చవలసి వస్తే, స్కేలు వెదకవలసిన పని కూడా ఉండదు.